భుజం బాగుపడని వస్తాదు

మా తాలింఖానాకి కొత్త వస్తాదు కాలవలోంచి వచ్చాడు.

ఆ పొద్దున లాకు తలుపులు తియ్యడం ఆలస్యమై, భీమవరం పోయే పడవలన్నీ మా ఊరి గట్టునే ఆగిపోయాయి. గట్టుని ఆనుకునే మా తాలింఖానా. తాలింఖానా అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక తాటాకు పాక, మధ్యలో కుస్తీ పట్టుకోడానికి మెత్తటి మన్ను పోసిన గోదా, గోడకి ఆనించిన నాలుగు కర్లాలు. కర్లాలంటే భుజాల చుట్టూ తిప్పే లావుపాటి దుడ్డుకర్రలు. పాత వస్తాదు ఎండాకాలంలో పోయాడు. అప్పట్నించీ చెప్పేవాడు లేక ఎవడికి తోచిన సాము వాడు చేస్తున్నాం. ఒకడు దండీలు తీస్తుంటే మిగతావాళ్ళం పక్కన కూచుని లెక్క తప్పించి నవ్వడం, ఇదీ మా వ్యాయామం.

ఆ రోజు అబ్బాయిరాజు బస్కీలు తీస్తున్నాడు. పల్లంరాజుగారి కొడుకు. ఊళ్ళో సగం పొలం పల్లంరాజుగారిదే, తాలింఖానా కూడా ఆయన పెట్టించిందే. అబ్బాయిరాజు మనిషి మెత్తన, పొట్ట ఇంకా మెత్తన. కూచుంటే లేవలేడు, లేస్తే మొహం వంకాయ రంగుకి తిరుగుతుంది. పల్లంరాజుగారు నులకమంచం మీద కూచుని, కొడుకుని చూసి నిట్టూరుస్తున్నారు.

పడవలో ధాన్యం బస్తాల మీద కూచున్న నల్లటి పొట్టి మనిషి ఒకడు ఉండబట్టలేక కేకేశాడు.

"ఊపిరి ఒదలండి బాబూ! ఎవరికోసం దాస్తున్నారు?"

అబ్బాయిరాజు ఉలిక్కిపడి ఊపిరి ఒదిలాడు, వెనక్కి పడ్డాడు కూడా. మేం నవ్వాం. పల్లంరాజుగారు నవ్వలేదు.

"ఎవడ్రా నువ్వు?"

"బుల్లియ్యనండి. నరసాపురం అవతల సముద్రం ఒడ్డునండి మాది. వలేసుకునే ఇంటోణ్ణి. కుర్రతనంలో కాకినాడలో ఒక వస్తాదుగారి దగ్గర సాము చేశానండి. ఇప్పుడు పడవ లాగుతున్నానండి."

"మావాడు లేచే దారి ఉందంటావా?"

"లేవడం ఎంతపనండి. వారికి కూచోడమే రావట్లేదు."

ఈసారి పల్లంరాజుగారు కూడా నవ్వారు. లాకు తలుపులు తెరిచేసరికి పడవ వెళ్ళిపోయింది, బుల్లియ్య మాత్రం గట్టు మీదే ఉన్నాడు. పక్కన అతని భార్య రత్తమ్మ, ఒక చాప, రెండు కుండలు, ఒక విసురువల. రాజుగారు తాలింఖానా వెనక పాక చూపించి చెప్పారు, "దసరా దాకా ఉండి చెప్పు. దసరానాడు మా ఊరి ఆచారం ప్రకారం రాయి ఎత్తు. ఎత్తావా, నా చేత్తో పాగా కడతాను. ఈ పాకా నీదే, ఏడాదికి సరిపడా ధాన్యమూ నీదే. ఎత్తలేదా, మళ్ళీ పడవెక్కు."

ఆ రాయి గురించి చెప్పాలి. మా దేశంలో రాయి పుట్టదు. ఎంత తవ్వినా గోదారి తెచ్చి పోసిన ఒండ్రే. అందుకని ఆనకట్ట కట్టే రోజుల్లో పల్లంరాజుగారి నాన్నగారు ధవళేశ్వరం నించి పడవలో ఒక గుండ్రాయి తెప్పించారట. పొట్టేలంత ఉంటుంది. దాన్ని నేల మీంచి భుజం మీదకి ఎత్తినవాడే మా ఊరికి వస్తాదు. పాత వస్తాదు రోజూ పొద్దున్నే దాన్ని నిమిరి, ఒకసారి ఎత్తి, దించి, అప్పుడు మా వీపుల మీద పడేవాడు.

రత్తమ్మక్క ఆ పాక గుమ్మంలో నిలబడి దూలం వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. "ఉట్టి కట్టుకోవచ్చు," అంది. పడవలో ఉట్టి కడితే కుండ తైతక్కలాడుతుందట. కాపరానికి వచ్చిన దగ్గర్నించీ ఆవిడ పడవలోనే వండింది, పడవలోనే పడుకుంది.

మర్నాడు కొత్త వస్తాదు సాము మొదలెట్టిస్తాడని మేమందరం నూనె రాసుకుని గోచీలు బిగించి నిలబడ్డాం. నూనె మాదే. మాది గానుగ ఇల్లు, నన్ను అందరూ నూనె లోవరాజు అంటారు. బుల్లియ్య మాత్రం ఎవర్నీ ఏమీ చెయ్యనివ్వలేదు. ఒక్కొక్కణ్ణీ గోదాలో ఈ చివర్నించి ఆ చివరకి నడిపించాడు. మా పాదాల గుర్తులు వంగి వంగి చూశాడు, పీత బొరియలు వెతికేవాడిలాగ.

"లోవరాజూ, రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకుంటావు?"

"నిద్రలో నేనెలా చూసుకుంటానండి?"

"మీ అమ్మనడుగు. బాబుగారూ, మీరు నీళ్ళచెంబు ఏ చేత్తో ఎత్తుతారు?"

"నేనెత్తనండి," అన్నాడు అబ్బాయిరాజు సిగ్గుపడుతూ. "తెచ్చి ఇస్తారు."

"ఆహా," అన్నాడు బుల్లియ్య. మా అందరిలోకీ వింతైన చేప తనకే దొరికినంత సంబరం ఆ మొహంలో.

నాకు వేళాకోళంగానే ఉండేది మొదట్లో. ఊడ్పులకి దమ్ము చేసిన చేలోకి మమ్మల్ని దింపి, మోకాల్లోతు బురదలో కాళ్ళు పీక్కుంటూ నడవమన్నాడు. పొలంలో కూలివాళ్ళు "రాజుగారబ్బాయి ఊడవడానికొచ్చాడర్రోయ్" అని ఒకళ్ళనొకళ్ళు పిలుచుకున్నారు. ఇంకో రోజు తన విసురువల తడిపి అబ్బాయిరాజు చేతికిచ్చాడు. "విసరండి." విసిరితే వల గుండ్రంగా విచ్చుకోలేదు, ముద్దగా వెళ్ళి కాలవలో దబ్బున పడింది. "చేత్తో కాదండి, నడుంతో. మీ నడుం ఇంతదాకా ఎప్పుడూ తిరగలేదు. ఎందుకు తిరుగుతుంది, వెనక నించి పిలిచేవాళ్ళే మీ ముందుకొచ్చి నిలబడతారాయె."

"పొట్ట అడ్డొస్తోంది వస్తాదూ."

"దాన్నేం అనకండి. కుస్తీలో మిమ్మల్ని ఎవరూ ఎత్తి పడెయ్యకుండా అదే కాపలా. దానికి పని చెప్పాలంతే."

పుట్టి బుద్ధెరిగాక ఆ పొట్టని మెచ్చుకున్న మొదటి మనిషి అతనే. అబ్బాయిరాజు ఆ రోజు చీకటిపడే దాకా వల విసిరాడు.

నేను ఊరుకుంటానా. ఒక పొద్దున కర్లా పిడికి ఆముదం పూసి పెట్టాను. అబ్బాయిరాజు జోరుగా తిప్పాడు, అది చేతిలోంచి జారి, ఎగిరి, కాలవలో పడింది. బుల్లియ్య నా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు. "దూకు," అన్నాడు. కర్లా దొరికేదాకా మునగడం, తేలడం, మునగడం. వణుక్కుంటూ పైకొస్తే, "బాగుందిరా, నీకు ఊపిరి బాగా నిలుస్తోంది. రేపట్నించి రోజూ దూకు," అన్నాడు. ఆ తరవాత కర్లాల జోలికి నేను వెళ్ళలేదు.

ఒక్క సంగతి మాత్రం నన్ను తినేసేది. ఇన్ని చేయించేవాడు, రాయి దగ్గరకి మాత్రం వెళ్ళడు. ఒకసారైనా ముట్టుకోడు. పైగా గోదాలో మన్ను మార్చినప్పుడు, "ఇది కాళ్ళకి తగులుతోంది, బయటకి దొర్లించండి," అన్నాడు. గోదా మన్నులో పసుపు, మజ్జిగ, వేపాకు నూరి కలిపి తొక్కుతాం, పుళ్ళు పడకుండా. ఆ చేతుల్తోనే రాయిని దొర్లించి పాక పక్క వేపచెట్టు కింద ఒదిలేశాం. పసుప్పచ్చగా అయింది. ఎవరం కడగలేదు.

ఈలోగా రత్తమ్మక్క మా గానుగకి తెగ వస్తోంది. అడ్డపొగ పీలుస్తూ, అంటే చుట్ట నిప్పు లోపలకి పెట్టుకుని, గిన్నె చాపేది.

"ఇద్దరు మనుషులు, ఇంత నువ్వులనూనె ఏం చేస్తున్నారక్కా? తాగుతున్నారా?"

"మీ వస్తాదు భుజం తాగుతోంది." అనేసి, నిప్పు నాలిక్కి అంటుకున్నట్టు నోరు మూసుకుంది.

ఇక నేనాగుతానా. బుల్లియ్య కాలవలో మొహం కడుక్కుంటుంటే వెళ్ళి పక్కన కూచున్నాను. కుడి చెయ్యి చెవి దాకా కూడా లేవట్లేదు. ఇన్నాళ్ళూ పుర్రచేతివాటం అనుకున్నాను.

"ఏమైందండి?"

"లాకు దగ్గర పడవ కట్టేసిన తాడు తెగిందిరా. పడవ వెనక్కిపోతోంది, లోపల రత్తమ్మ వండుతోంది. చేతిలో ఉన్న లాగుడు తాడు నేను ఒదల్లేదు. పడవ ఆగింది, భుజం ఆగలేదు."

"మరి దసరాకి రాయెలా ఎత్తుతారు?"

"ఎత్తలేను."

"రాజుగారికి చెప్పెయ్యరాదూ?"

"చెబితే ఇవాళే పడవెక్కాలి. చెప్పకపోతే దసరాకి ఎక్కుతాను." మొహం తుడుచుకుని నావైపు తిరిగాడు. "ఈలోపు అబ్బాయిరాజుగారి నడుం తిరుగుతుందో లేదో చూడాలనుందిరా. రత్తమ్మకి ఉట్టి కింద కూచుని నాలుగు మెతుకులు తినాలనుంది. ఎవరికీ చెప్పకు."

నేను చెప్పలేదు. నోట్లో మాట నిలవని నేను చెప్పలేదంటే మీకర్థం కావాలి ఆ మనిషి సంగతి.

కానీ రత్తమ్మక్క ఊరుకోలేదు. దసరాకి ఎత్తాల్సిన రాయి ఇదేనని ఆవిడకెవరూ చెప్పలేదు. ఒక శుక్రవారం మేం సాముకెళ్ళేసరికి రాయికి కుంకుమ బొట్లు, చుట్టూ ముగ్గు, పైన వేపమండ, ముందు చలిమిడి ముద్ద. రత్తమ్మక్క తడి బట్టల్తో పొర్లుదండాలు పెడుతోంది.

"అక్కా, అదేంటనుకుంటున్నావు?"

"అమ్మవారు."

"అది రాయక్కా!"

"నాకు తెలీదా? మా ఊళ్ళో రాయంటూ ఉంటే అది అమ్మవారే. మామూలు రాయి ఎక్కడిది ఈ దేశంలో? పైగా పసుపు ఎవరు రాశారు, వేపచెట్టు కింద ఎవరు కూచోబెట్టారు?"

పసుపు రాసిన చేతులు నావే.

ఆ వారంలోనే చెరువు గట్టు వీధిలో ఎవరిదో ఈనలేకపోతున్న గేదె రాయికి మొక్కుకోగానే ఈనింది. అంతే. గాజులొచ్చాయి, రవికెగుడ్డలొచ్చాయి, పెరుగన్నం వచ్చింది. పెరుగన్నం రాత్రికి రాత్రి మాయమైపోతే అమ్మవారు ఆరగించిందన్నారు. ఆరగించింది ఎవరో మా వీధి కుక్కకీ నాకూ తెలుసు. పేరు కూడా పెట్టేశారు, గోదాలమ్మ అని. ఒకసారి అబ్బాయిరాజు అలవాటుకొద్దీ దాని మీద కూచోబోతే ఆడవాళ్ళంతా ఒక్కసారి గావుకేక పెట్టారు. పాపం, ఆ కేకకి గాల్లోనే ఆగి, అలాగే నడుం తిప్పి పక్కకి దూకాడు. బుల్లియ్య చప్పట్లు కొట్టాడు. "తిరిగిందర్రా!"

దసరా వచ్చింది. డప్పులు, కర్రసాము, కత్తిసాము, ఊరంతా తాలింఖానా ముందే. అబ్బాయిరాజు పొరుగూరి కుర్రాణ్ణి కుస్తీలో నడుం మీంచి తిప్పి పడేశాడు. పల్లంరాజుగారి కళ్ళలో నీళ్ళు. ఆయన జరీ పాగా చేతిలో పట్టుకుని లేచారు.

"ఆచారం రాయి ఎత్తమంటుంది. ఆ రాయిప్పుడు అమ్మవారైంది. అమ్మవారిని సాముకి ఎత్తడం మహాపాపం. కాబట్టి ఈ ఏటికి ఎత్తకుండానే..."

బుల్లియ్య తల వంచాడు. నేను ఊపిరి ఒదిలాను. గుమ్మంలో రత్తమ్మక్క చేతులు జోడించింది. పాగా అంచు బుల్లియ్య జుట్టుని తాకిందో లేదో, గుంపులోంచి ఒక అరుపు.

ఊళ్ళో జాతరలకి పూనకం వచ్చే ముసలమ్మ పెద్దింట్లమ్మ జుట్టు విరబోసుకుని ఊగుతోంది. "నన్ను ఎత్తకుండా పాగా కడతావురా! నన్ను ముందుగా కనిపెట్టిన ఇల్లు ఎవరిది? ఆ ఇంటి మగాడు నన్ను నెత్తిన పెట్టుకుని ఊరంతా తిప్పాలి! లేకపోతే ఊళ్ళో ఉండనివ్వను!"

డప్పులు ఆగాయి. భుజం మీదకి ఒక్కసారి ఎత్తి దించాల్సిన రాయి, ఇప్పుడు నెత్తిన పెట్టుకుని ఊరు చుట్టూ మొయ్యాలి. ఎక్కించింది ఎవరు, సొంత పెళ్ళాం.

అందరూ దారి ఇచ్చారు. బుల్లియ్య వేపచెట్టు దాకా నడిచాడు. వంగాడు. రాయి చుట్టూ ఎడమ చెయ్యి వేశాడు. కుడి చెయ్యి కూడా వేశాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. నాకు అరవాలనిపించింది, ఆ రెండో భుజం కూడా పోతుందని. అప్పుడతను చేతులు తీసేసి, రాయి మీది గాజులు సర్ది, లేచి నిలబడ్డాడు.

"రాజుగారూ, నావల్ల కాదండి. నా కుడి భుజం విరిగిపోయి చాలా కాలమైందండి. అమ్మవారైనా రాయైనా ఎత్తలేను. వచ్చిన రోజునే చెప్పాల్సింది."

పల్లంరాజుగారి మొహం ఎర్రబడింది. "మరెందుకు చెప్పలేదు?"

"బాబుగారు ఎంతదాకా లేస్తారో చూద్దామని ఆశపడ్డానండి."

అబ్బాయిరాజు ఏదో అనబోయాడు, తండ్రి చూపుకి ఆగిపోయాడు. బుల్లియ్య పాక వైపు తిరిగాడు, చాప చుట్టుకోడానికే.

అప్పుడు రత్తమ్మక్క నోట్లో చుట్ట తీసి, చెవి మీద పెట్టుకుని, గుంపుని తోసుకుంటూ వచ్చింది. ఆవిడ చేపల గంప దించి బేరానికి కూచుంటే రేవులో వర్తకులు కూడా భయపడతారని తరవాత తెలిసింది నాకు.

"అమ్మా, ఊరేగాలా నీకు?"

"ఊరేగాలి!" ఊగింది పెద్దింట్లమ్మ.

"మరి నేనడిగింది ఏమైంది? మొదటి చలిమిడి పెట్టిననాడే అడిగానుగా. మా ఆయన భుజం బాగుచెయ్యమన్నాను. ఇన్ని శుక్రవారాలు నీళ్ళు పోయించుకున్నావు. చేశావా?"

పెద్దింట్లమ్మ ఊగడం కొంచెం తగ్గింది. "చేస్తాను!"

"ఎప్పుడు?"

"నా ఇష్టం వచ్చినప్పుడు!"

"అయితే ఊరేగింపూ అప్పుడే. ముందు భుజం ఇయ్యి, తరవాత నెత్తికెక్కు. చేప చూపించకుండా గంప అమ్ముతారా ఎవరైనా?"

"మేకపోతునియ్యి!"

"భుజం బాగయ్యాక."

"కోడినియ్యి!"

"అది ఇప్పుడే ఇస్తాను. పుంజు."

పెద్దింట్లమ్మకి ఒక కన్ను తెరుచుకుంది. నేను ముందు వరసలో ఉన్నాను, చూశాను. ఆ కన్ను పుంజు ఎంతుందో అడుగుతోంది.

"ఇంకోటి," అంది రత్తమ్మక్క. "బాగుచెయ్యాలంటే మనిషి నీ ఎదురుగా ఉండొద్దూ? ఎక్కడో పడవ మీద తిరుగుతుంటే భుజం ఎలా చూస్తావు? మమ్మల్ని ఊరు దాటించే మాటెత్తకు."

"దాటనివ్వను! ఈ పాకలోనే ఉండాలి! నా కళ్ళ ముందే ఉండాలి!" అని అరిచి పెద్దింట్లమ్మ దబ్బున కూలబడింది. ఆడవాళ్ళు పసుపునీళ్ళు చల్లారు. డప్పులవాళ్ళు ఇదే అదనని అందుకున్నారు.

పల్లంరాజుగారు పాగా పట్టుకుని అలాగే నిలబడ్డారు. అమ్మవారి మాట కాదంటే ఊరు ఊరుకోదు. ఆచారం దాటితే ఆయన మనసు ఊరుకోదు. కాసేపు అటూ ఇటూ చూసి, ఆ పాగా తీసుకెళ్ళి రాయికి చుట్టారు.

"భుజం బాగయ్యాక ఇక్కణ్ణించి తీసి కట్టుకో. అందాకా చెబుతూ ఉండు. ధాన్యం పంపిస్తాను." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగారు. "రత్తమ్మా, మా ధాన్యం బేరాలకి ఎప్పుడైనా భీమవరం వస్తావా?"

ఇప్పటికి చాలా దసరాలు గడిచాయి. ప్రతి దసరాకీ పల్లంరాజుగారు పాత పాగా తీయించి కొత్తది చుట్టిస్తారు. చుట్టించి, "ఎలా ఉందిరా భుజం?" అంటారు. "ఇంకా తేలలేదండి, తల్లి దయ," అంటాడు బుల్లియ్య. ఇద్దరూ ఎంతో గంభీరంగా అంటారు. పొరుగూళ్ళ కుర్రాళ్ళు కూడా వస్తున్నారు ఇప్పుడు. పాగా కట్టుకోని వస్తాదు మా ఒక్క ఊరికే ఉన్నాడు.

మొన్న వానలకి ముందు వాళ్ళ పాక మీద తాటాకు మార్పిస్తున్నారని తెలిసి తాడు చుట్టలు పట్టుకెళ్ళాను. దొడ్డివైపు నించి వెళ్ళాను, ఊరికే, అలవాటు. బుల్లియ్య కప్పు మీద కూచుని, రెండు చేతులూ తల మీదకి ఎత్తి, ఆకు కట్టిన తాడు బిగించి లాగుతున్నాడు. కుడి చెయ్యే పైన ఉంది.

కింద రత్తమ్మక్క నన్ను చూసి ఖళ్ళున దగ్గింది.

కుడి చెయ్యి టప్పున కిందకి వాలిపోయింది. ఎంత బాగా వాలిందంటే, ఎండిన తాటిమట్ట కూడా అంత బాగా వాలదు.

"ఎలా ఉందండి వస్తాదుగారూ?" అన్నాను కిందనించి.

"ఏం చెప్పమంటావురా, వాన మబ్బు పడితే ఒకటే సలుపు."

ఆకాశంలో మబ్బు తునక లేదు. రాయి వైపు చూశాను. పాగా చుట్టుకుని నిండుగా కూచుంది, దానికేం తొందరున్నట్టు కనపడలేదు.

"పళ్ళికిలిస్తూ నిలబడ్డావేంటి లోవరాజూ," అంది రత్తమ్మక్క. "వచ్చి నిచ్చెన పట్టుకో. ఒంటి చేతి మనిషి, దిగాలి."